కోర్టు విడదీసినా లోను విడదీయదు

ఐబీపీఎస్ నోటిఫికేషన్ పడిందంటే మనం ముందు చూసేది నాలుగు సంగతులు. పోస్టులెన్ని, వయసు సరిపోతుందా, ఫీజెంత, ప్రిలిమ్స్ ఎప్పుడు. అంతే, పీడీఎఫ్ మూసేసి రీజనింగ్ పుస్తకం తెరుస్తాం. ఆ పీడీఎఫ్ మధ్యలో ఎక్కడో ఒక పేరా ఉంటుంది. దాని సారాంశం ఇదీ: బ్యాంకులో చేరే నాటికి అభ్యర్థి క్రెడిట్ హిస్టరీ సవ్యంగా ఉండాలి. సిబిల్‌లో చెడ్డగా కనిపిస్తున్న ఖాతాలుంటే సరిచేయించుకోవాలి, లేదా బాకీ లేదని అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. రెండూ చేయకపోతే ఇచ్చిన ఆఫర్ లెటర్ వెనక్కి తీసుకోవచ్చు. స్టేట్ బ్యాంక్ ఒకప్పుడు ఇంకా గట్టిగా చెప్పేది. లోన్లు, క్రెడిట్ కార్డు బాకీలు ఎగ్గొట్టిన రికార్డు ఉన్నా, సిబిల్ లాంటి సంస్థల్లో వ్యతిరేక రిపోర్టు ఉన్నా ఉద్యోగానికి అనర్హులే అనేది.

ఇది కాగితం మీది బెదిరింపు కాదు. సర్కిల్ బేస్డ్ ఆఫీసర్‌గా ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని సిబిల్ రిపోర్టు చూసి స్టేట్ బ్యాంక్ రద్దు చేసింది. అప్పులన్నీ తీర్చేశానని ఆయన వాదించారు. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకు పక్షానే తీర్పిచ్చింది. ప్రజల డబ్బుతో పనిచేసేవాళ్లకు డబ్బు విషయంలో క్రమశిక్షణ ఉండాలనడం తప్పేమీ కాదంది. అన్ని పరీక్షలూ దాటి, చివరి గడప దగ్గర తల తగలడమంటే ఇదే.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు పిల్లలకు ఈ సంగతి మరీ ముఖ్యం. మన మెట్టలో పంట వానను నమ్ముకున్నది, ఫ్యాక్టరీలు లేవు. ఊళ్లో ఉండి గౌరవంగా బతకాలంటే టీచరో, సచివాలయమో, బ్యాంకో. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారాక, అందులో ఉద్యోగానికి చదువుతున్నవాళ్లు ఏ ఊళ్లో అడిగినా కనిపిస్తారు. వాళ్లలో ఒక రకం అభ్యర్థి గురించి ఎవరూ మాట్లాడరు. డిగ్రీ మధ్యలో పెళ్లై, రెండు మూడేళ్లకే ఆ పెళ్లి విడిపోయి, పుట్టింటికొచ్చి మళ్లీ పుస్తకం పట్టిన అమ్మాయి. ఈ వ్యాసం ముందు ఆమె కోసం. మిగతావాళ్లు పేజీ తిప్పేయకండి. మీ అక్కో, పక్కింటి పిల్లో, రేపు మీ స్నేహితుడి కోసం షూరిటీ సంతకం పెట్టే మీరో ఇందులో ఉండొచ్చు.

ఆ అమ్మాయి పరిస్థితి ఎలా ఉంటుందో ఒక్కసారి లెక్కేద్దాం. అత్తగారి ఊళ్లో డ్వాక్రా సంఘంలో చేర్పించారు, సంఘం లోనులో ఆమె వాటా ఉంది. వారం వారం కట్టే ఫైనాన్సు కంపెనీ అప్పు ఒకటి ఆమె పేరు మీదే తీశారు, ఎందుకంటే వాళ్లు ఆడవాళ్లకే ఇస్తారు. డబ్బు మాత్రం బోరు మోటారుకో, ఆయన పాత బాకీకో పోయింది. ఫ్రిజ్జు, ఫోను ఈఎంఐ ఆమె పాన్ కార్డు మీద. బైకు లోను ఆయనది, అందులో ఆమె కో-అప్లికెంట్. ఆమె పుట్టింటి నగలు బ్యాంకులో ఉన్నాయి, గోల్డ్ లోను మాత్రం ఆయన పేరు మీద. ఇంత జరిగినా, 'నాకు అప్పులేం లేవు' అని ఆమె నిజంగానే అనుకుంటుంది. రూపాయి తన చేత్తో ఖర్చుపెట్టలేదు మరి.

విడాకులు తీసుకుంటే స్కోరు పడిపోతుందని కొందరు భయపెడతారు. అది అబద్ధం. మీకు పెళ్లైందా, విడాకులయ్యాయా అన్నది చూసి స్కోరు వేయరు. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకెను తేల్చేది వేరే లెక్కలు: వాయిదాలు వేళకు కట్టారా, కార్డు లిమిట్‌లో ఎంత వాడుతున్నారు, అప్పు ఖాతాలు ఎంత పాతవి, ఏ రకం అప్పులు, ఈ మధ్య కొత్త అప్పు కోసం ఎన్ని చోట్ల అడిగారు. ఇందులో మొదటిదే అన్నిటికన్నా బరువైంది. విడాకుల రోజుల్లో దెబ్బ తగిలేదీ అక్కడే. 'నువ్వు కట్టు' అంటే 'నువ్వు కట్టు' అని ఇద్దరూ పంతానికి పోతారు. ఆ నాలుగు నెలల్లో వాయిదాలు తప్పుతాయి. 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను ఎన్‌పీఏ అంటుంది. ఆ మచ్చ ఇద్దరి రిపోర్టులోనూ పడుతుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, కోర్టు డిక్రీకి బ్యాంకుతో సంబంధం లేదు. 'ఇంటి లోను భర్త కట్టుకోవాలి' అని డిక్రీలో రాసి ఉండొచ్చు. ఆ మాట మీ ఇద్దరి మధ్య చెల్లుతుంది. బ్యాంకు ఆ కేసులో పార్టీ కాదు. మీరిద్దరూ సంతకం పెట్టిన లోను కాగితం మూడో మనిషి ఒప్పుకోకుండా మారదు, ఆ మూడో మనిషి బ్యాంకు. షూరిటీ పెట్టినవాళ్ల సంగతీ అంతే. అసలు అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే అని మన కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. డిక్రీ కాపీ తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద పెడితే ఆయన జాలిగా చూస్తాడు, కాఫీ కూడా ఇప్పిస్తాడేమో, కానీ సిస్టంలో మీ పేరు తీయలేడు.

ఇంతకీ అప్పులు ఆడవాళ్ల పేరు మీదకు ఎలా వచ్చాయి? ఆ కథలో మన జిల్లాది పెద్ద పాత్ర. కలిగిరి మండలం దూబగుంట ఎక్కడో కాదు, ఉదయగిరి నియోజకవర్గమే. 1991లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు అక్కడ సారాయి దుకాణానికి ఎదురు తిరిగారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధించారు. సారాయికి పోయే డబ్బు మిగిలితే ఏం చేయాలన్న ప్రశ్నలోంచి పుట్టిందే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి. ఆ రూపాయి పొదుపు రాష్ట్రమంతా సంఘాలై, బ్యాంకు లింకేజీ లోన్లై పెరిగింది. ఆడవాళ్ల పేరు బ్యాంకు పుస్తకంలోకి ఎక్కడం గొప్ప విజయం. అందులో అనుమానం లేదు. కానీ పేరు ఎక్కినంత వేగంగా ఆ డబ్బు మీద పెత్తనం రాలేదు. పుస్తకం ఆమెది, పెత్తనం ఆయనది అన్న ఇళ్లు ఇప్పటికీ ఎన్నో.

తర్వాత మైక్రోఫైనాన్సు కంపెనీలు వచ్చాయి. 2010లో మన రాష్ట్రంలో ఆ అప్పుల ఒత్తిడి ఆత్మహత్యల దాకా పోయింది, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ గొడవ తర్వాతే చిన్న చిన్న అప్పుల లెక్కలు కూడా క్రెడిట్ బ్యూరోలకు చేరడం మొదలైంది. సంఘాల అప్పుల్లో సభ్యురాలి వారీగా వివరాలు సేకరించి పంపమని 2016లో ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. కాబట్టి 'సంఘం అప్పు కదా, నా రిపోర్టులో ఎందుకొస్తది' అని ధీమాగా ఉండొద్దు. ఇంకొకటి గమనించండి. మైక్రోఫైనాన్సు నిబంధనల్లో 'కుటుంబం' అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఆ కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదని 2022 నుంచి రూలు. విడిపోయాక మీ కుటుంబం మారింది. ఆ సంగతి అప్పిచ్చినవాళ్లకు మీరు రాసి ఇస్తేనే తెలుస్తుంది. ఆయన బాకీలు మీ ఇంటి లెక్కలో కలిపి చూడటం అప్పుడే ఆగుతుంది.

సరే, ఏం చేయాలి?

ముందు ఫోన్ నంబరు. ఇది ఎవరూ చెప్పరు గానీ నా దృష్టిలో ఇదే మొదటి పని. చాలామంది అమ్మాయిల బ్యాంకు ఖాతాకు, లోన్లకు ఇచ్చిన నంబరు భర్తది. వాయిదా తప్పిందన్న మెసేజీ ఆయనకు పోతుంది, ఓటీపీ ఆయనకు పోతుంది, మీ పేరు మీద కొత్త అప్పు అడిగినా కబురు ఆయనకే వెళ్తుంది. ఆధార్‌కు, బ్యాంకుకు, పాన్‌కు మీ సొంత నంబరు, మీ సొంత ఈమెయిల్ పెట్టించుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చి ఉంటే అదింకో తంటా. పాన్ మీద ఒక ఇంటిపేరు, ఆధార్ మీద ఇంకొకటి ఉంటే రిపోర్టులో మీ ఖాతాలు రెండు మనుషులవిగా చీలిపోవచ్చు. ఏ పేరు ఉంచుకుంటారన్నది మీ ఇష్టం, అన్ని కాగితాల్లో ఒకటే ఉండేలా చూసుకోండి. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఉన్న పేరే పెట్టుకుంటే ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో కూడా తలనొప్పి తగ్గుతుంది.

తర్వాత రిపోర్టు. దేశంలో నాలుగు కంపెనీలు ఈ లెక్కలు రాస్తాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని ఆర్‌బీఐ ఆదేశం. వాళ్ల సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి, దారిన పోయే యాప్‌లకు పాన్ నంబరు ఇవ్వకండి. సిబిల్ ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు. వారం వాయిదాల చిన్న అప్పుల లెక్క మొదటి నుంచీ సేకరిస్తున్నది హైమార్క్, అదీ చూడండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్పు కోసం అర్జీ పెట్టినప్పుడు బ్యాంకు చూస్తేనే ఆ 'ఎంక్వయిరీ' లెక్కలోకి వస్తుంది.

రిపోర్టు చేతికొచ్చాక ఒక తెల్లకాగితం మీద ప్రతి ఖాతా రాసుకోండి. ఇది నా పేరు మీదా, ఇద్దరిదా, నేను షూరిటీనా? బాకీ ఎంత, ఆఖరి వాయిదా ఎప్పుడు కట్టారు? సిబిల్ రిపోర్టులో 36 నెలల చెల్లింపులు నెలవారీగా కనిపిస్తాయి, ఎక్కడ తప్పిందో తేదీతో సహా తెలిసిపోతుంది. ఎప్పుడో తీరిపోయిన లోను ఇంకా నడుస్తున్నట్టు కనిపిస్తే కంగారు పడకండి. సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో 2020 ఏప్రిల్ 1న కలిశాయి. అలాంటి పాత లోనుకు కాగితం కావాలంటే ఇప్పుడున్న బ్యాంకునే అడగాలి.

కేసు ఇంకా కోర్టులో ఉంటే మీ చేతిలో ఒక పెద్ద అవకాశం ఉంది. దీన్ని చాలామంది వదిలేసుకుంటున్నారు. హిందూ వివాహ చట్టం 13-బి కింద ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నప్పుడు మొదటి పిటిషన్‌కు, రెండో మోషన్‌కు మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది. మనసు మార్చుకుంటారేమోనని చట్టం ఇచ్చిన గడువది. అవసరాన్ని బట్టి కోర్టు దాన్ని మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మనసు మారినా మారకపోయినా ఆ ఆరు నెలలు లోన్లు తేల్చుకోవడానికి వాడుకోండి. ఒప్పందంలో 'బైకు లోను భర్త కట్టుకుంటాడు' అని ఒక్క ముక్క రాయించి ఊరుకోకూడదు. 'రెండో మోషన్ లోపల భర్త ఆ లోను తీర్చేసి క్లోజర్ లెటర్ కోర్టులో దాఖలు చేయాలి, లేదా బ్యాంకు ఒప్పుకుని భార్య పేరు తీసేసినట్టు కాగితం తేవాలి' అని రాయించాలి. మీ సంతకం అవసరమున్నంత వరకే అవతలివాళ్లు బేరానికి వస్తారు. డిక్రీ వచ్చాక ఫోన్ ఎత్తరు. ఉదయగిరిలో ఎన్నో ముస్లిం కుటుంబాలున్నాయి. ఖులా అయినా, ముబారాత్ అయినా మెహర్‌తో పాటు లోన్ల లెక్క కూడా ఆ రోజే రాతలో పెట్టించుకోండి. పెద్దమనుషుల పంచాయితీలో సర్దుబాటయ్యే ఇళ్లలో కూడా ఇంతే. అక్కడ పెట్టుపోతలు, సామాన్లు, బంగారం చెంచాతో సహా లెక్కపెడతారు, కో-అప్లికెంట్ సంతకం మాత్రం ఎవరికీ గుర్తుకురాదు.

లాయరు ఫీజు ఎక్కడ తేవాలంటారా? ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేయండి, లేదా మీకు దగ్గర కోర్టులో ఉండే న్యాయ సేవల కమిటీని అడగండి.

ఇక ఒక్కో రకం అప్పు. జాయింట్ ఖాతా 'ఈదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో ఉంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. విడిపోతున్నామని బ్యాంకుకు రాసిచ్చి, ఇద్దరి సంతకం లేకుండా లావాదేవీలు జరగకుండా ఆపించండి. ఆ ఖాతా నుంచి ఏదైనా ఈఎంఐ ఆటోమేటిక్‌గా కట్ అవుతుంటే ముందు దాన్ని వేరే ఖాతాకు మార్చండి. లేకపోతే బ్యాలెన్సు లేక బౌన్సై అదో మచ్చ. గోల్డ్ లోను ఆయన పేరు మీదుంటే వేలం నోటీసు ఆయనకే వస్తుంది, మీకు రాదు. నగలు మీవని చెప్పే ఫొటోలు, బిల్లులు ఇప్పుడే తీసి పెట్టి లాయరుకు ఇవ్వండి. సంఘం అప్పుకైతే అత్తగారి ఊరి సంఘంలో మీ పొదుపు ఎంతుందో, మీ వాటా బాకీ ఎంతో లెక్క తేల్చి, పొదుపులోంచి సర్దుబాటు చేసి, తీర్మానం పుస్తకంలో రాయించి, కాపీ తీసుకోండి. వెళ్లడానికి మనసొప్పదు, తెలుసు. 'ఏందమ్మే, చెప్పాపెట్టకుండా పోయినావే, నీ కంతు మేం కడుతుండాం' అని ఎవరో ఒకరు అంటారు. వాళ్లు కట్టింది నిజమే అయితే ఆ మాటకు బదులు లేదు. మీకు కుదరకపోతే వెలుగు ఆఫీసు ద్వారానో, మీ నాన్ననో అన్ననో పంపించో తేల్చుకోండి. మౌనంగా ఉంటే మాత్రం ఆ బాకీ రిపోర్టులో పెరుగుతూనే ఉంటుంది.

ఆయన కట్టాల్సిన లోను, మీరు కో-అప్లికెంట్, ఆయన కట్టడం లేదు. ఇదే అన్నిటికన్నా కష్టమైన కేసు. ఇక్కడ నా సలహా కొందరికి నచ్చదు. చేతనైతే ఆ వాయిదా మీరే కట్టేయండి. మీ ఖాతా నుంచే కట్టండి, రసీదు దాచండి, ఆ డబ్బు రాబట్టుకోవడానికి కోర్టుకు వెళ్లండి. ఇది అన్యాయం కాదా అంటే అన్యాయమే. ఆయన అప్పు నేనెందుకు కట్టాలన్న కోపం న్యాయమైనదే. కానీ డబ్బు రెండేళ్లకైనా వసూలవ్వొచ్చు, తప్పిన వాయిదాను వెనక్కి తిప్పి వేళకు కట్టినట్టు రాయించలేం. నెలకు రెండు వేల వాయిదా కోసం ఏడాదికి కొన్ని లక్షల జీతమొచ్చే ఉద్యోగం పోగొట్టుకోవడం తెలివైన పంతం కాదు. వాయిదా మరీ పెద్దదైతే, మీ స్థోమతకు మించితే, బ్యాంకుకు రాతపూర్వకంగా పరిస్థితి చెప్పి వాయిదా తగ్గించి గడువు పెంచమని అడగండి.

బాకీ తీర్చేటప్పుడు ఒక మాట వినిపిస్తుంది: 'సెటిల్‌మెంట్ చేసుకోండమ్మా, లక్షకు అరవై వేలు కట్టండి చాలు.' వినడానికి బాగుంటుంది. రిపోర్టులో మాత్రం ఆ ఖాతా పక్కన 'క్లోజ్డ్' అని రాదు, 'సెటిల్డ్' అని వస్తుంది. పూర్తిగా కట్టలేదు, మేం వదులుకున్నాం అని దాని అర్థం. బ్యాంకు ఉద్యోగం కోసం చూసేవాళ్లు ఆ మాట రిపోర్టులో పడనీయకపోవడమే మంచిది. ఇప్పటికే పడి ఉంటే మిగతాది కూడా కట్టేస్తాను, క్లోజ్డ్‌గా మార్చండి అని రాసి అడగొచ్చు. కట్టిన రోజే ఎన్‌ఓసీ అడిగి తీసుకోండి. ఇప్పుడు అప్పిచ్చిన సంస్థలు కనీసం 15 రోజులకోసారి బ్యూరోలకు లెక్కలు పంపాలి, 2025 జనవరి నుంచి ఆ రూలుంది. కాబట్టి తీర్చిన అప్పు నెలా రెండు నెలల్లో కనిపించాలి.

కనిపించకపోతే, లేక మీది కాని అప్పు మీ రిపోర్టులో ఉంటే, బ్యూరో వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేయండి. దానికి ఫీజు లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. అప్పటికీ తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు, 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోల మీద ఫిర్యాదులు కూడా అక్కడ తీసుకుంటున్నారు. ఈ దారులన్నీ ఉచితంగా ఉండగా 'ఐదు వేలివ్వండి, సిబిల్ 750 చేసిపెడతాం' అనేవాళ్లు వాట్సాప్‌లో తగులుతుంటారు. నిజమైన ఎగవేతను ఎవరూ చెరిపేయలేరు. తప్పును మీరే సరిచేయించుకోవచ్చు. మధ్యలో వాళ్లు చేసే పనేంటో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

స్కోరు మళ్లీ ఎక్కించుకోవడం నిదానంగా జరిగే పని. మంచి చెల్లింపులు ఆర్నెల్లు, ఏడాది వరసగా పడితేనే కదలిక తెలుస్తుంది. పాత అప్పు ఏదైనా నడుస్తుంటే దాన్ని వేళకు కట్టడమే మంచి మందు. ఏమీ లేకపోతే పది పదిహేను వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు, జీతం లేకపోయినా ఇస్తారు. లిమిట్ పది వేలుంటే నెలకు రెండు మూడు వేలు మించకుండా కోచింగ్ ఫీజుకో, పుస్తకాలకో వాడి, గడువులోపు మొత్తం కట్టేయండి. 'మినిమం డ్యూ' అన్న అంకె వైపు చూడకండి, అది వడ్డీకి వేసిన ఎర. స్కోరు కోసమని అవసరం లేని అప్పు చేయడం నాకు నచ్చదు. పైగా నోటిఫికేషన్ల సీజన్‌లో నాలుగు యాప్‌లలో లోను అడిగితే నాలుగు ఎంక్వయిరీలు పడి ఉన్న స్కోరు కూడా జారుతుంది. జీవితంలో ఎప్పుడూ అప్పు తీసుకోని వాళ్లు బెంగపెట్టుకోవద్దు. హిస్టరీ లేకపోవడం వేరు, చెడిపోవడం వేరు.

తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలకు ఇంకో చోట ఇది తగులుతుంది. ఎడ్యుకేషన్ లోనుకు తల్లో తండ్రో కో-బారోయర్‌గా ఉండాలి. నాన్న ఎగ్గొట్టిన అప్పులో అమ్మ పేరుండి, అమ్మ స్కోరు పాడై ఉంటే లోను తిప్పి పంపేస్తారు. స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యార్థికి లోను నిరాకరించకూడదని 2023 మేలో కేరళ హైకోర్టు చెప్పింది. విద్యార్థులే రేపటి దేశ నిర్మాతలని కూడా గుర్తుచేసింది. మన రాష్ట్రంలో బ్యాంకు మేనేజర్ దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు గానీ, అర్జీతో పాటు ఆ తీర్పు కాపీ జత చేయడంలో నష్టమేమీ లేదు. మీ ఇంటి పరిస్థితి రాసి పెట్టండి.

ఇప్పుడు బ్యాంకుల మాట. డబ్బు లెక్కపెట్టే ఉద్యోగానికి డబ్బు విషయంలో నమ్మకస్తులను తీసుకోవాలనడాన్ని నేను తప్పుపట్టను. కానీ రిపోర్టు అంకె చూపిస్తుంది, కథ చూపించదు. క్రికెట్ బెట్టింగులకు యాప్ లోన్లు తీసి ఎగ్గొట్టినవాడూ, భర్త బైకుకు సంతకం పెట్టిన పాపానికి ఇరుక్కున్న అమ్మాయీ అందులో ఒకేలా కనిపిస్తారు. ఆఫర్ రద్దు చేసే ముందు అభ్యర్థికి వివరణ ఇచ్చుకునే గడువు, విడాకుల ఒప్పందం లాంటి కాగితాలు చూసే పద్ధతి నోటిఫికేషన్‌లోనే రాయాలి. ఐబీపీఎస్ క్లాజులో ఎన్‌ఓసీ తెచ్చుకునే వీలైనా ఉంది.  ఆడవాళ్ల పేరు మీదే అప్పులివ్వడాన్ని ప్రోత్సహించిన వ్యవస్థ, ఆ అప్పులు చెడితే ఆమె ఉద్యోగాన్నే ఆపుతోంది. ఈ రెండు చేతులూ ఒకే ఒంటివని ఎవరో ఒకరు గుర్తుచేయాలి.

మన కాలేజీలు కూడా వినాలి. ఉదయగిరిలో చెక్కతో చెంచాలు, ఫోర్కులు చెక్కే ఆడవాళ్ల పనితనానికి భౌగోళిక గుర్తింపు దొరికింది, పని నేర్పే గురువులున్నారు కాబట్టి అది తరాలుగా నిలిచింది. లోను కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నేర్పే గురువు మాత్రం ఏ ఊళ్లోనూ లేరు. ఆత్మకూరులోనో, నెల్లూరులోనో కోచింగ్‌కు వేలకు వేలు కడుతున్నాం. అక్కడ మొదటి వారంలో ఒక గంట కేటాయించి ప్రతి అభ్యర్థి చేత సొంత క్రెడిట్ రిపోర్టు తీయించడం పెద్ద పనేమీ కాదు. మాక్ టెస్టులో మార్కు పోతే మళ్లీ రాసుకోవచ్చు, దీనికి మాత్రం ముందే ఆర్నెల్లు కావాలి.

మగపిల్లలకు ఒక్క మాట. పెళ్లైన కొత్తలో 'ఊరికే సంతకమేలే' అని భార్యను కో-అప్లికెంట్‌గా కూర్చోబెట్టే ముందు ఆ లోను ఎంత, వాయిదా ఎంత, ఎప్పటికి తీరుతుందో ఆమెకు చెప్పండి. స్నేహితుడి బైకుకు మీరు పెట్టే షూరిటీకి కూడా ఇదే వర్తిస్తుంది. ఫైనాన్స్ షోరూములో ఫారం ముందు పెట్టి 'ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ' అని వేలితో చూపిస్తారు కదా, అప్పుడు పెన్ను కింద పెట్టి, 'ఇందులో నేనెవరు, అప్పు తీసుకున్నవాణ్ణా, షూరిటీనా?' అని అడగండి. అడిగితే చెబుతారు. ఇప్పటిదాకా ఎవరూ అడగక చెప్పలేదంతే.